రాజుకు దొరకని వన్స్ మోర్

ముప్పై నాలుగు సంవత్సరాల పాటు నేను ఒకే రాజు పతనాన్ని ఏటా ఒకసారి చొప్పున చూశాను. ప్రతి సంవత్సరమూ అతడు అదే మాట దగ్గర అదే తప్పు చేశాడు. ప్రతి సంవత్సరమూ నేను ఆ తప్పును నల్లబల్ల మీద రాసి, దాని కింద గీత గీశాను. రాజమండ్రిలో ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించడం నా వృత్తి. అందులో ప్రాచీన గ్రీకుల విషాద నాటకం నా వంతు పాఠం.

ఆ పాఠం చెప్పడానికి కొత్తగా చేరుతున్న ఉపన్యాసకుల కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతులు, వేతన స్థిరీకరణలు, తనిఖీ బృందాల రాకపోకలు ఇందులో ఉండవు. వాటిని గురించి చెప్పేవారు మీ స్టాఫ్ రూములో కావలసినంతమంది ఉంటారు. నేను చెప్పదలచినవి మూడు నాలుగు సంగతులే. నాకు పాఠం చెప్పడం నేర్పిన ఒక పెద్దమనిషి, కడియం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, ఆమె విషయంలో నేను చేసిన పొరపాటు, దానిని నాకు చూపించిన మనుషులు. ఈ వయస్సులో వెనక్కి చూస్తే, నాకు దక్కిన గౌరవాల కంటే నన్ను ఆపిన మనుషులే ఎక్కువగా గుర్తుకు వస్తున్నారు.

శాస్త్రిగారి సున్నాలు

నేను చేరినప్పుడు మా శాఖాధిపతి సుబ్బారాయ శాస్త్రిగారు. కోనసీమ మనిషి. ఇస్త్రీ పంచె, భుజం మీద ఉత్తరీయం, నోట స్వచ్ఛమైన ఇంగ్లీషు. నా మొదటి పాఠానికి ఆయన చెప్పకుండా వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నారు. నేను గంటసేపు అనర్గళంగా మాట్లాడాను. రాజు గర్వించాడు, దేవతలు ఆగ్రహించారు, రాజు కూలిపోయాడు. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. నేను చాలా సంతోషించాను.

బయటకు వచ్చాక ఆయన వరండాలో నన్ను ఆపారు.

"ఏవండీ, ఇంతకీ రాజు చేసిన తప్పేంటి?"

"గర్వమండి."

"గర్వమే తప్పయితే పాలకొల్లు బజార్లో సగం మందికి సింహాసనాలు ఊడిపోవాలి కదండీ. వాళ్ళంతా హాయిగా ఇళ్ళకెళ్ళి భోంచేస్తున్నారే!"

ఆయన తన పుస్తకం తెరిచి చూపించారు. రాజు మాటల పక్కన, అంచులో, అక్కడక్కడా పెన్సిలుతో చిన్న సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ఇవి తలుపులండి. ఈ చోట రాజు వెనక్కి తిరిగి ఉండొచ్చు. ఇక్కడా తిరగొచ్చు. ఇదిగో, ఇక్కడైతే తలుపు బార్లా తెరిచి ఉంది. తిరగలేదు. ఎందుకు తిరగలేదో పిల్లల్ని అడగండి. మీరు మాత్రం జవాబు చెప్పకండి. చెబితే అది పురాణ కాలక్షేపం అయిపోతుంది."

నేను నేర్చుకున్న బోధనా పద్ధతి అంతా ఇంతే. శిక్షణ తరగతులలో దీనికి మించినది నాకు ఎవరూ చెప్పలేదు. మరునాటి నుంచి ప్రతి విద్యార్థి చేతికీ పెన్సిలు ఇచ్చాను. నాటకం చదువుతూ, రాజు వెనక్కి తిరగగలిగిన ప్రతి చోటా సున్నా చుట్టమన్నాను.

మన ప్రాంతంలో ఈ పాఠం ఎందుకు కష్టమో కూడా ఇక్కడే చెప్పాలి. ఆ నాటకాలలోని రాజు సాధారణంగా దుర్మార్గుడు కాడు. నగరానికి ఆపద వచ్చినప్పుడు ఒక శాసనం చేస్తాడు. ఆ శాసనంలో న్యాయం ఉంటుంది. అది చివరకు తన ఇంటివారికే తగులుతుంది. చుట్టూ ఉన్న పెద్దలు తల ఊపుతారు. కళ్ళు లేని జ్ఞాని ఒకడు వచ్చి వద్దంటాడు. నీ చేత ఎవరో డబ్బిచ్చి చెప్పిస్తున్నారని రాజు అతడిని గెంటిస్తాడు. మనసు మార్చుకునే వేళకు ఆలస్యం అయిపోతుంది. ఘోరం జరిగిందని వార్తాహరుడు వచ్చి చెబుతాడు.

గ్రీకు ప్రేక్షకుడు ఆ శాసనం విని భయపడి ఉంటాడు. మన పిల్లలు మెచ్చుకుంటారు. మాట మార్చనివాడు అంటే ఇక్కడ ఒక మనిషికి ఇవ్వగల పెద్ద బిరుదు. పైగా మనది పద్య నాటకాల సీమ. రాజు మీసం మెలివేసి, ఎవరికీ వెరవనని పద్యం ఎత్తుకుని రాగం తీస్తే, పందిట్లో నుంచి "వన్స్ మోర్" అని కేక వస్తుంది. నటుడు ఆ పద్యాన్నే మళ్ళీ మొదటి నుంచి పాడతాడు. ఆ గర్వమే వాడిని ముంచబోతున్నదని అందరికీ తెలుసు. అయినా ఇంకొకసారి కావాలి. ఈ అభిరుచితో పెరిగిన పిల్లల చేత రాజు మాటల పక్కన సున్నాలు చుట్టించడం తేలిక పని కాదు. ఒకసారి ఒక రైతుబిడ్డ తెల్ల కాగితం తెచ్చి ఇచ్చాడు. "ఎక్కడా తిరగక్కర్లేదండి. రాజు కరెక్టేనండి" అన్నాడు. నిజాయితీకి మార్కులు వేశాను. ఆ కుర్రవాడి జవాబే నా జీవితంలోనూ రాసి ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

నా శాసనం

పదవీ విరమణకు కొద్ది సంవత్సరాల ముందు నేను శాఖాధిపతిని అయ్యాను. అప్పటికి తరగతులు అధ్వానంగా ఉన్నాయి. పది గంటల పాఠానికి పదింబావు దాకా పిల్లలు వస్తూనే ఉండేవారు. ప్రతివాడికీ ఒక కారణం. బస్సు రాలేదు, రైల్వే గేటు పడింది, ఇంట్లో పూజ. నేను ఒక నియమం పెట్టాను. రెండవ గంట మోగగానే తలుపు మూసివేస్తాను. ఆ తరువాత వచ్చినవారు రానివారి కిందే లెక్క. కారణాలు వినను.

ఆ నియమం పనిచేసింది. దానిని నేను ఇప్పటికీ పూర్తిగా తప్పుపట్టను. నెల తిరిగేసరికి మా శాఖలో పాఠాలు గంట కొట్టినట్టు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ గారు నలుగురిలో మెచ్చుకున్నారు. నియమంలో దోషం లేదు. చివరి రెండు మాటలలో ఉన్నది. కారణాలు వినను అనడంలో.

ఆ సంవత్సరం డిగ్రీ చివరి ఏడాది తరగతిలో సత్యవతి అనే అమ్మాయి ఉండేది. కడియం మొక్కల నర్సరీలలో తల్లితో పాటు పనిచేసి, బస్సెక్కి కళాశాలకు వచ్చేది. వారంలో మూడు నాలుగు రోజులు పది నిమిషాలు ఆలస్యం. ఒక్కరోజు కూడా తలుపు తట్టలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడి, కిటికీ గట్టు మీద నోటు పుస్తకం పెట్టుకుని రాసుకునేది. మా అటెండరు అప్పారావు ఆమె కోసం అక్కడ ఒక స్టూలు వేశాడు. నేను చూశాను. వద్దనలేదు. కొన్ని రోజులు నా గొంతు కిటికీ దాకా వినిపించేటట్టు కాస్త పెంచాను కూడా. అది నా దయ అనుకున్నాను. హాజరు పట్టీలో మాత్రం ఆమె పేరు ఎదుట గైర్హాజరు అనే రాశాను.

ఆమె వేళకు వచ్చిన ఒక రోజున సున్నాలు చుట్టిన పుస్తకాలు తీసుకుని చూశాను. ఆమె రాజు మాటల పక్కన ఒక్క సున్నా కూడా చుట్టలేదు. అన్నీ రాజు చుట్టూ నిలబడిన పెద్దల మాటల పక్కన ఉన్నాయి.

"తలుపులు రాజు దగ్గర వెతకమన్నాను కదమ్మా?"

"వెతికానండి. రాజుకి తలుపు కనపళ్ళేదండి. ఈ పెద్దలంతా దానికి అడ్డంగా నిలబడి 'చిత్తం చిత్తం' అంటున్నారండి. వాళ్ళు 'చిత్తం' అన్నచోటల్లా సున్నా చుట్టానండి."

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. ప్రశ్నను సరిగా అర్థం చేసుకోలేదని రాసి మార్కులు తగ్గించాను. ముప్పై ఏళ్ళకు పైగా నేను అడిగిన ప్రశ్నకు వచ్చిన అత్యుత్తమ సమాధానం అది.

సంతకం

కళాశాల వార్షికోత్సవానికి ఆ సంవత్సరం నేనే ఒక నాటకం కూర్చాను. గ్రీకు పద్ధతి, తెలుగు వచనం. కథ చిన్నది. ముట్టడిలో ఉన్న ఒక నగరం. పొద్దు కుంకిన తరువాత ఎవరు వచ్చినా కోట తలుపు తీయరాదని రాజు శాసిస్తాడు. యుద్ధం నుంచి గాయాలతో తిరిగి వచ్చిన అతడి కొడుకే బయట ఉండిపోతాడు. కళ్ళు లేని జ్ఞాని వచ్చి, బయట ఉన్నది నీవాడే, తెరిపించమంటాడు. రాజు వినడు. విని తెరిపించేసరికి కొడుకు ఉండడు.

రాజు వేషం వీర్రాజుది. పాలకొల్లు దగ్గర పల్లెటూరివాడు, వాళ్ళ తాత పద్య నాటకాలలో పేరున్న నటుడు. జ్ఞాని వేషానికి సత్యవతిని ఎంచుకున్నాను. చూపు లేని మనిషి నడకను, చేతితో వస్తువుల అంచులు తడిమే తీరును ఆ అమ్మాయి చూపినట్టు మరెవరూ చూపలేకపోయారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అని అడిగాను.

"చూశానండి" అన్నది. నేను ఇంకేమీ అడగలేదు.

వీర్రాజుతో ముందే చెప్పాను. ఈ నాటకంలో వన్స్ మోర్ ఉండదు.

"జనం అడిగితే ఏం చెయ్యమంటారండి?"

"విననట్టు ముందుకు వెళ్ళు."

"మా తాతకి తెలిసిందంటే నన్ను ఇంట్లోకి రానివ్వడండి బాబూ."

ఈ రిహార్సళ్ళు జరుగుతున్న రోజులలోనే ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు కబురు పంపారు. ఆయన నాకంటే చిన్నవారు, రసాయన శాస్త్రం చెప్పేవారు. బల్ల మీద ఒక కాగితం ఉంది.

"మేష్టారూ, హాజరు చాలనివాళ్ళ లిస్టండి. మీ డిపార్టుమెంట్లో ఒక్కటే పేరు. సత్యవతి. మీరు సిఫార్సు రాస్తే నేను సంతకం పెట్టి పంపించేస్తాను. లేకపోతే ఆఖరి సెమిస్టరు పరీక్షకి హాల్ టికెట్ రాదు. ఇవాళ సాయంత్రంతో గడువండి."

"రాయనండి."

"క్లాసులో ఫస్టొచ్చే పిల్లండి. ఏడాది పోతుంది. పైచదువు కూడా పోతుంది."

"ఫస్టొచ్చే పిల్లకి ఒక రూలు, మిగతావాళ్ళకి ఒక రూలు ఉంటుందా అండి?"

"రూలు యూనివర్సిటీ పెట్టింది కాదు కదండీ, మీరు పెట్టింది. వచ్చిన పిల్లని రాలేదని రాశారు."

నాకు కోపం వచ్చింది. "ఈ మాట ఎవరు చెప్పించారండి మీ చేత? ఆ అమ్మాయి తరఫున ఎవరైనా పెద్దమనిషి ఫోన్ చేశాడా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నాకెవరూ చెప్పలేదండి. రోజూ వరండాలో నడుస్తాను. నా కళ్ళకే కనిపిస్తుంది" అన్నారు.

నేను లేచి వచ్చేశాను. స్టాఫ్ రూములో జరిగినది చెబితే అందరూ "మీరు చేసిందే కరెక్టండి" అన్నారు. ఆ మాట నాకు చల్లగా తాకింది. సత్యవతి చుట్టిన సున్నాలు ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

నాలుగు గంటల రిహార్సల్

ఆ సాయంత్రం నాలుగింటికి రాజు, జ్ఞాని ఎదురుపడే ఘట్టం. వీర్రాజు తన తాతలాగా గద్దించడం మొదలుపెట్టాడు. నేను ఆపాను.

"అరవకు. ఈ రాజుకు కోపం లేదు. తాను న్యాయం చేస్తున్నానని మనసారా నమ్ముతాడు. అలా నమ్మే మనిషి ఎలా మాట్లాడతాడో ఆలోచించి మాట్లాడు."

వాడు నిటారుగా నిలబడ్డాడు. ఎడమ చేయి వెనక్కి పెట్టుకున్నాడు. కుడి చేతి రెండు వేళ్ళు కలిపి పైకెత్తాడు. చాలా నెమ్మదిగా, ప్రతి అక్షరమూ విడదీసి చెప్పాడు.

"గడియ పడిన తరువాత వచ్చినవాడు రానివాడే. వాడు నా కొడుకైనా సరే. కారణాలు వినను. ముసలివాడా, ఈ మాట ఎవరు చెప్పించారు నీ చేత?"

ఒక్క పిల్లవాడు కూడా కదలలేదు. అంతలో వెనుక నుంచి, టీ పళ్ళెంతో లోపలికి వస్తున్న అప్పారావు, నాటకాల పిచ్చి ఉన్న మనిషి కావడం వల్ల, ఎక్కడ ఉన్నాడో మరచిపోయి "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు. పెట్టిన మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను వద్దనాలి. అనలేదు. నా మౌనాన్ని అనుమతి అనుకుని వీర్రాజు మళ్ళీ నిటారుగా నిలబడి, రెండు వేళ్ళు ఎత్తి, అవే మాటలు మొదటి నుంచి చెప్పాడు.

మొదటిసారి నాకు రాజు వినిపించాడు. రెండవసారి నాకు నేనే వినిపించాను.

సత్యవతి కుర్చీ అంచు తడుముకుంటూ ముందుకు వచ్చింది. చూపు ఎటో నిలిపి, నేను రాసిన మాటలనే నాకు అప్పగించింది. "రాజా, తలుపు మూసినవాడికి తలుపు ఒక్కటే కనిపిస్తుంది. బయట నిలబడినవాడికి ఇల్లంతా కనిపిస్తుంది."

ఘట్టం ముగిశాక వీర్రాజును దగ్గరకు పిలిచాను.

"ఆ రెండు వేళ్ళు ఎక్కడివి?"

వాడు బెదిరిపోయాడు. "మీవేనండి. నమ్మే మనిషిలా మాట్లాడమన్నారు కదండీ. నాకు తెలిసి అలాంటి మనిషి మీరొక్కరేనండి. తప్పయితే మార్చేస్తానండి."

"మార్చవద్దు" అన్నాను.

పిల్లలు వెళ్ళిపోయిన తరువాత అప్పారావును పిలిచి కూర్చోమన్నాను. వాడు కూర్చోలేదు.

"ఆ అమ్మాయి ఎందుకు ఆలస్యంగా వస్తున్నది?"

"మూడు నెలల్నించి చెబుదామనే చూస్తున్నానండి. కారణాలు వినను అన్నారు కదండీ. నాకెందుకులే అనుకున్నాను."

"ఇప్పుడు వింటాను. చెప్పు."

అప్పారావు చెల్లెలు కూడా సత్యవతి తల్లి పనిచేసే నర్సరీలోనే పనిచేస్తుంది. సత్యవతి తల్లిది అంట్లు కట్టే పని. కొమ్మను, మొక్కను ఏటవాలుగా కోసి, రెండింటి బెరడు సరిగ్గా కలిసేటట్టు పెట్టి కట్టాలి. గోరంత తేడా వచ్చినా అంటు పట్టదు. ఆవిడకు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. తెలిస్తే పనిలో నుంచి తీసేస్తారు. అందుచేత పొద్దున్నే సత్యవతి కోస్తుంది, తల్లి చేత్తో తడుముకుంటూ కడుతుంది. లారీకి ఎత్తవలసిన మొక్కలు పూర్తయితే గాని అక్కడి నుంచి కదలడానికి లేదు.

"ఎవరితో అనొద్దని ఒట్టేయించుకుందండి మా చెల్లెలి చేత. నేను మీతో అన్నానని తెలిస్తే నా గతి ఏంటో."

ఆ నడక ఎక్కడ నేర్చుకున్నదో నాకు అప్పుడు అర్థమయింది. గబగబా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. కాగితాలు అయిదింటికే పంపించేశారు. నా పాఠంలో రాజు మనసు మార్చుకుని పరుగెత్తే ఘట్టం ఒకటి ఉంటుంది. ఏటా దానిని నింపాదిగా వివరించేవాడిని. ఆ సాయంత్రం ఆ మెట్ల మీద పరుగెత్తినవాడిని నేనే.

కారణం

మరునాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి ఇంటికి వెళ్ళి, నిన్నటి మాటకు క్షమించమని అడిగి, సంతకం తీసుకున్నాను. ఆయన లోపల కూర్చోమన్నారు. కాఫీ ఇచ్చారు. అక్కడి నుంచి యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్ళాను. కౌంటరులో ఉన్నది నా పాత విద్యార్థే.

"గడువు నిన్నటితో అయిపోయిందండి మేష్టారూ."

"తెలుసు."

"మీ క్లాసులో నేర్చుకున్నదే కదండీ, తలుపేస్తే వేసినట్టే." వాడు వేళాకోళానికి అన్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "కూర్చోండి. ఆలస్యానికి కారణం రాసివ్వండి. సూపరింటెండెంట్ గారికి చూపిస్తాను."

కారణం రాయాలి. ఆ తల్లి కళ్ళ సంగతి రాస్తే అది ఎవరి చేతుల మీదుగానో కడియం చేరుతుంది. నిజం దాచకుండా, ఆమెను బయటపెట్టకుండా రాయగల మాట ఒక్కటే ఉంది. రాశాను. ఈ విద్యార్థిని తరగతులకు హాజరయింది. ఆమెను గైర్హాజరుగా నమోదు చేయడం శాఖాధిపతి పొరపాటు. సిఫార్సు ఆలస్యం కావడం కూడా శాఖాధిపతి పొరపాటు. కింద సంతకం చేశాను.

వాడు చదివి గొంతు తగ్గించాడు. "ఇలా రాస్తే మీకే మచ్చండి. 'అనివార్య కారణాల వల్ల' అని రాద్దామండి. అందరూ అదే రాస్తారు."

"అనివార్యం కాదు నాయనా. నివారించగలిగినదే. అలాగే ఉంచు."

బల్ల మీద కూర్చుని పన్నెండింటి దాకా ఎదురుచూశాను. తలుపు బయట కూర్చోవడం ఎలా ఉంటుందో నా వయస్సులో అప్పుడు తెలుసుకున్నాను. చివరకు వాడే చిరునవ్వుతో బయటకు వచ్చాడు. "ఒప్పుకున్నారండి. 'ఈ ఉద్యోగంలో ఇలాంటి ఉత్తరం చూడలేదు' అన్నారండి."

ఆ ఉత్తరం నకలు మా యాజమాన్యానికి కూడా వెళ్ళింది. పదవుల సంగతి రాయనన్నాను గనుక క్లుప్తంగా చెబుతాను. మరుసటి సంవత్సరం నేను శాఖాధిపతిని కాను. దాని గురించి నాకు ఏనాడూ విచారం కలగలేదు. నా తరగతి హాజరు పట్టీ మాత్రం నా చేతిలోనే ఉంది. నియమం అలాగే ఉంచాను, రెండవ గంటకు తలుపు మూసేవాడిని. తట్టినవారికి తీసి, కారణం విన్నాను. సగం మంది అబద్ధాలే చెప్పారు. వినడం వల్ల నాకు నష్టమేమీ కలగలేదు.

కొత్తగా వస్తున్నవారికి నా వైపు నుంచి ఒక్కటే మాట. మన చేతిలో ఉన్నది చిన్న అధికారం. ఒక గది, ఒక పట్టీ, ఒక సంతకం. కాని పట్టీలో ఉన్న పిల్లకు అదే కోట తలుపు. మిమ్మల్ని మెచ్చుకునేవారు ప్రతి స్టాఫ్ రూములోనూ ఉంటారు. వరండాలో నడిచి చూసే ఒక ప్రిన్సిపాల్, నోరు జారే ఒక అప్పారావు, మీ వేళ్ళను గమనించే ఒక వీర్రాజు మీకు దొరకాలని కోరుకుంటున్నాను. నాకు ముగ్గురూ ఒకే రోజున దొరికారు. గ్రీకు నాటకంలో ఏ రాజుకూ అంత అదృష్టం పట్టలేదు. సత్యవతి ఇప్పుడు పెనుగొండలో ఇంగ్లీషు చెబుతున్నది. వాళ్ళమ్మగారు కళ్ళకు ఆపరేషన్ అయి, నర్సరీ పని మానేసి, ఆమె దగ్గరే ఉంటున్నారు. ఇదంతా రాయమన్నది సత్యవతే.

మళ్ళీ చెప్పు బాబూ

ఒక సంగతి మిగిలి ఉంది. కార్యాలయానికి నా పొరపాటు రాసి ఇచ్చాను గాని, ఆ మాట సత్యవతితో అనలేదు. హాల్ టికెట్ వచ్చిందని మాత్రం చెప్పాను. ఆమె "థాంక్సండి" అన్నది. అంతటితో సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఆమెతో అనాలని రోజూ అనుకునేవాడిని. తరగతిలో అలవాటైన గొంతు ఆ ఒక్క మాటకు మాత్రం లేచేది కాదు.

వార్షికోత్సవం సాయంత్రం హాలు నిండింది. పిల్లల తల్లిదండ్రులు గుమ్మం దాకా నిలబడ్డారు. తలుపులన్నీ తెరిపించి ఉంచమని అప్పారావుకు నేనే చెప్పాను. శాసనం చెప్పే ఘట్టంలో వీర్రాజు రెండు వేళ్ళు ఎత్తగానే విద్యార్థులు ఈలలు వేశారు. వన్స్ మోర్ కేకలు నాలుగు వైపుల నుంచి వచ్చాయి. వాడు ఓరగా నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు ముందుకు సాగాడు. సత్యవతి తన మాట చెప్పి, తడుముకుంటూ నిష్క్రమించి, తెర పక్కన నా దగ్గరకు వచ్చి నిలబడింది.

చివరి ఘట్టం. రాజు కిరీటం తీసి కింద పెట్టాడు. ఇక్కడ పద్యం లేదు, రాగం లేదు. రెండు చిన్న వాక్యాలు. వీర్రాజు వాటిని దాదాపు గొణిగినట్టు చెప్పాడు.

"నేను పొరబడ్డాను. తలుపు తీయండి."

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. నేలను తడుముకుంటున్నట్టు నిదానంగా వచ్చిన గొంతు అది.

"ఆ మాట మళ్ళీ చెప్పు బాబూ."

సత్యవతి ఉలిక్కిపడి అటు చూసింది. "మా అమ్మండి" అన్నది.

పద్య నాటకాల సీమలో పుట్టి పెరిగాను. రాజు గర్వానికి వన్స్ మోర్ పడగా వేయిసార్లు విన్నాను. రాజు తప్పు ఒప్పుకున్న మాటను మళ్ళీ చెప్పమని అడగడం అదే మొదటిసారి విన్నాను. వీర్రాజు ఏం చేయాలో తోచక నావైపు చూశాడు. నేను చేయి ఎత్తి, చెప్పమని సైగ చేశాను.

వాడు ఊపిరి తీసుకుని, ఈసారి హాలంతా వినిపించేటట్టు మొదలుపెట్టాడు. వాడితో పాటు, తెర పక్కన, నా పక్కన నిలబడిన ఆ అమ్మాయికి మాత్రమే వినిపించేటంత గొంతుతో, నేనూ అన్నాను.

"నేను పొరబడ్డాను."

ఆమె తల తిప్పలేదు. గుమ్మం వైపే చూస్తూ, "విన్నానండి" అన్నది.